ఆఫీసు డెస్క్ ఫోన్లకు హెడ్‌సెట్లు: అవతలి మాట వినబడుతోంది, మన మాట మాత్రం వెళ్లడం లేదు

ప్రశ్న: గుంటూరు_ఫ్రంటాఫీసు

నమస్కారం. నేను గుంటూరులోని ఒక ఆసుపత్రిలో ఫ్రంటాఫీసు పనులు చూసే ఉద్యోగినిని. మా అపాయింట్‌మెంట్ల గదిలో ఎనిమిది బల్లలు, ఎనిమిది ఫోన్లు ఉన్నాయి. ఉదయం ఎనిమిదింటికి మొదలైన కాల్స్ మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఊపిరి తీసుకోనివ్వవు. రిసీవరును చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, తల ఒక పక్కకు వాల్చి, రెండు చేతులతో కంప్యూటర్లో రోగి పేరూ ఊరూ కొడుతూ మాట్లాడటం మా వాళ్లందరికీ అలవాటైపోయింది. ఆ అలవాటు పుణ్యమా అని ముగ్గురు ఇప్పుడు మా ఆసుపత్రిలోనే మెడనొప్పికి ఫిజియోథెరపీ చేయించుకుంటున్నారు. అందుకే యాజమాన్యాన్ని ఒప్పించి ఎనిమిది హెడ్‌సెట్లు తెప్పించాను. అవి పనిచేయకపోవడంతో నాకు రోజూ అకౌంట్స్ విభాగం వారి ముందు సంజాయిషీ తప్పడం లేదు.

ఎనిమిదింటిలో ఆరు గ్రాండ్‌స్ట్రీమ్ జీఎక్స్‌పీ2170 ఐపీ ఫోన్లు, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచేవి. మిగిలిన రెండూ పాత ఈపీఏబీఎక్స్‌కు, అంటే ఆఫీసు లోపలి ఫోన్ల ఎక్స్ఛేంజికి, కలిపిన పానసోనిక్ కేఎక్స్-డీటీ543 డిజిటల్ ఫోన్లు. హెడ్‌సెట్లు ఆన్‌లైన్లో ఒక అమ్మకందారు దగ్గర కొన్నవి, వాటి మీద ఏ కంపెనీ పేరూ లేదు. "అన్ని ఆఫీసు ఫోన్లకూ సరిపోతుంది" అని పెట్టె మీద రాసి ఉంది. కొసన రిసీవరు వైరుకు ఉండేలాంటి చిన్న చదరపు ప్లగ్గు ఉంది.

ఐపీ ఫోన్లలో హెడ్‌సెట్ బొమ్మ ఉన్న సాకెట్లో ప్లగ్గు చక్కగా కూర్చుంటుంది, హెడ్‌సెట్ బటన్ నొక్కితే అవతలివారి మాట స్పష్టంగా వినబడుతుంది. కానీ మేము మాట్లాడేది వారికి చేరదు. గట్టిగా అరిస్తే నూతిలోంచి వచ్చినట్టు ఏదో వినబడుతోందని చెబుతున్నారు. ఆరు ఫోన్ల మీదా ఇదే తంతు. రెండు పానసోనిక్ ఫోన్లలో హెడ్‌సెట్ కోసం ఉన్నది గుండ్రటి చిన్న రంధ్రం, అందులో ఈ ప్లగ్గు పట్టదు, మొబైల్ ఇయర్‌ఫోన్ పిన్నూ పట్టదు. ఇది కాక, మా డైరెక్టరు గారి బంధువు ఒకరు అమెరికా నుంచి వైర్‌లెస్ హెడ్‌సెట్ ఒకటి తెచ్చారు. దాని పెట్టె మీద డెక్ట్ 6.0 అని ఉంది. దాన్ని రిసెప్షన్లో వాడుకోవచ్చునా? ఫోన్లలో మార్చవలసిన సెట్టింగులు ఏమైనా ఉంటే దయచేసి చెప్పగలరు. మాకు ప్రత్యేకంగా ఐటీ విభాగం లేదు, వారానికి ఒకసారి వచ్చే అబ్బాయి ఉన్నాడు.


జవాబు: వరంగల్_ఈపీఏబీఎక్స్

అమ్మా, నమస్కారం. ఇరవై ఏళ్లుగా ఈపీఏబీఎక్స్‌లు బిగించడమూ బాగుచేయడమూ నా పని. మీరు చెప్పిన లక్షణం నాకు కొత్తది కాదు. ముందుగా ఒక చిన్న అనుమానం తీర్చుకోండి: హెడ్‌సెట్ వైరు మధ్యలో చిన్న డబ్బీలాంటిది ఉండి, దాని మీద మ్యూట్ స్విచ్ ఉంటే, అది ఏ వైపున ఉందో చూడండి. నవ్వకండి, హనుమకొండలో ఒక ఆఫీసుకు ఈ స్విచ్ కోసమే రెండుసార్లు వెళ్లి వచ్చాను. ఆరింటికీ ఒకే జబ్బు ఉందంటున్నారు కాబట్టి మీ విషయంలో కారణం అది కాకపోవచ్చు.

ఆ చదరపు ప్లగ్గును ఆర్‌జె9 అంటారు, పుస్తకాల్లో 4పి4సి అని కూడా ఉంటుంది. నాలుగు పిన్నులు, నాలుగు తీగలు. మామూలుగా లోపలి రెండు పిన్నులు చెవి దగ్గరి స్పీకరుకు, బయటి రెండు మైకుకు వెళ్తాయి. ఈ "మామూలుగా" అన్న మాటలోనే చిక్కంతా ఉంది. ప్లగ్గు ఆకారం అందరిదీ ఒకటే అయినా హెడ్‌సెట్ సాకెట్లో ఏ పిన్ను దేనికి అన్నది ఫోను తయారుచేసినవారి ఇష్టం. అందుకే హెడ్‌సెట్ కంపెనీలు ఫోను మోడల్‌ను బట్టి వేరు వేరు కింది వైర్లు, అంటే హెడ్‌సెట్‌ను ఫోనుకు కలిపే వైర్లు, అమ్ముతాయి. ఉదాహరణకు అవాయా 9600, 1600 వరుస ఫోన్లకు ప్లాంట్రానిక్స్ వారిది హెచ్ఐఎస్ అనే వైరు, జాబ్రా వారిది జీఎన్1216 అనే వైరు. జాబ్రా వారి జీఎన్1200 వైరుకైతే ఎనిమిది స్థానాల జారుడు స్విచ్ ఉంటుంది. ఒక్కొక్క స్థానానికి జరుపుతూ, రెండు వైపులా మాట సాఫీగా వచ్చే చోట ఆపేస్తే సరిపోతుంది. "అన్ని ఫోన్లకూ సరిపోతుంది" అన్న మాటను ఈ స్విచ్ లేని వైరు మీద చూస్తే నేను నమ్మను.

ఇక మీ లక్షణం సంగతి. చెవిలో మాట బాగానే వస్తోంది కనుక లోపలి జత సరైన చోటే ఉంది. మైకు మాత్రం మూగబోయింది. ఈ హెడ్‌సెట్లలో ఉండేది ఎలక్ట్రెట్ మైకు. అందులో చిన్న ట్రాన్సిస్టరు ఒకటి ఉంటుంది, దానికి ఫోను నుంచే కొన్ని వోల్టుల డీసీ అందాలి. డీసీ కాబట్టి ప్లస్, మైనస్ తేడా ఉంటుంది. బయటి రెండు తీగలూ తారుమారైతే మైకు దాదాపు చచ్చినట్టే, అరిస్తే నూతిలోంచి వచ్చినట్టు వినబడటం ఇందుకే. స్పీకరుకు ఆ పట్టింపు లేదు, ఎటు తగిలించినా పలుకుతుంది. కనుక మీ హెడ్‌సెట్లు చెడిపోలేదనీ, ఫోన్లలో లోపం లేదనీ, మైకు తీగల దిక్కు మాత్రమే తిరగబడిందనీ నా అంచనా.

అంచనాను నిర్ధారించుకోవడానికి మీ ఐటీ అబ్బాయి చేత రెండు పనులు చేయించండి. మొదటిది, హెడ్‌సెట్ ప్లగ్గును రిసీవరు సాకెట్లో పెట్టి మాట్లాడి చూడటం. అక్కడా మాట వెళ్లకపోతే సెట్టింగుల జోలికి పోనక్కరలేదు, తప్పు వైరులోనే ఉంది. రెండోది, మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి ప్లగ్గు పిన్నుల మధ్య కొలవటం. స్పీకరు ఉన్న జత తక్కువ రెసిస్టెన్స్ చూపిస్తుంది, మీటరు పుల్లలను అటూ ఇటూ మార్చినా అంకె మారదు. ఎలక్ట్రెట్ మైకు ఉన్న జత వెయ్యి ఓములకు అటూ ఇటూగా చూపిస్తుంది, పుల్లలు మారిస్తే అంకె కూడా మారుతుంది. ఏ జత ఏదో దీనితో తేలిపోతుంది. ఆ తరువాత మీటరును డీసీ వోల్టులకు మార్చి, పనిచేస్తున్న ఫోను హెడ్‌సెట్ సాకెట్‌కు ఒక ఖాళీ వైరు తగిలించి, హెడ్‌సెట్ బటన్ నొక్కి, బయటి పిన్నుల్లో ప్లస్ ఎటు ఉందో చూసి రాసుకోమనండి.

నివారణ తేలికే. హెడ్‌సెట్ వైరును కోసి కొత్త ప్లగ్గు క్రింప్ చేయాలని, అంటే టూల్‌తో నొక్కి బిగించాలని, చూడకండి. వాటిలో ఉండేది వెంట్రుకంత సన్నని, పైన లక్కపూత ఉన్న తీగల పేట, క్రింపింగ్ టూల్ పళ్లు ఆ పూతను చీల్చలేవు. దానికి బదులు ఒక ఆర్‌జె9 కప్లరు, అంటే రెండు వైపులా సాకెట్ ఉన్న చిన్న ముక్క, ఒక జానెడు చదును రిసీవరు వైరు తీసుకోండి. ఆ చదును వైరును బల్ల మీద మెలిక పడకుండా పరచండి. రెండు కొసల ప్లగ్గుల నాలుకలూ (నొక్కి తీసే క్లిప్పులు) ఒకే వైపుకు ఉంటే లోపల పిన్నుల వరుస తిరగబడుతుంది, అంటే ఒకటో పిన్ను నాలుగుకు, రెండోది మూడుకు పోతుంది. నాలుకల్లో ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే వరుస నేరుగా పోతుంది. మీకు కావలసింది తిరగబడేది. స్పీకరు ఎటైనా పలుకుతుంది కనుక దానికి నష్టం లేదు, మైకు మాత్రం సరైన దిక్కుకు వస్తుంది. హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో ఈ సామాను దొరుకుతుంది, మీ దగ్గర ఈపీఏబీఎక్స్ పనులు చేసేవారి పెట్టెలో కూడా తప్పకుండా ఉంటుంది. ముందు ఒక్క ఫోనుకు మాత్రమే చేసి చూడండి, ఆరూ ఒకేసారి కొనకండి.

ఒక హెచ్చరిక. ఆర్‌జె9 ప్లగ్గు గోడ మీద ఉండే టెలిఫోను సాకెట్ కంటే సన్ననిది కాబట్టి అందులో దూరుతుంది. తొందరలో ఎవరైనా అలా దూర్చితే ఎక్స్‌టెన్షన్ లైను మీది 48 వోల్టుల డీసీ, రింగు వచ్చినప్పుడైతే అంతకంటే ఎక్కువ ఏసీ, సరాసరి చెవి దగ్గరి స్పీకరులోకి పోతుంది. హెడ్‌సెట్ మాడిపోతే పోయింది, అది తలకు ఉన్నప్పుడు మాత్రం ఆ పని ఎవరూ చేయకుండా చూడండి.


జవాబు: మేడ్చల్_వాయిస్

వరంగల్ మిత్రులు చెప్పినదంతా సబబే. వైరు సరిచేశాక మీకు అవసరమయ్యే సెట్టింగుల గురించి నేను రాస్తాను. మా సంస్థలో ఇదే వరుస గ్రాండ్‌స్ట్రీమ్ ఫోన్లు ఉన్నాయి.

ఫోను మెనూలో స్టేటస్, దానిలో నెట్‌వర్క్ స్టేటస్ చూస్తే ఐపీ చిరునామా కనబడుతుంది. అదే నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటరు బ్రౌజరులో ఆ చిరునామా కొట్టి, అడ్మిన్ పాస్‌వర్డుతో లోపలికి వెళ్లి, సెట్టింగ్స్‌లో ఆడియో కంట్రోల్ అనే పేజీ తెరవండి. మీకు పనికొచ్చేవన్నీ అక్కడే ఉన్నాయి. హెడ్‌సెట్ టైప్ అన్నచోట నార్మల్ అనే ఉంచండి, పక్కనున్న ప్లాంట్రానిక్స్ ఈహెచ్ఎస్ అన్నది ఆ కంపెనీ వైర్‌లెస్ హెడ్‌సెట్ నుంచే ఫోనును ఎత్తడానికీ పెట్టేయడానికీ ఉద్దేశించినది.

హెడ్‌సెట్ కీ మోడ్ అన్నదానిని మాత్రం మీ వాళ్లతో మాట్లాడి నిర్ణయించండి, ఎందుకంటే రోజంతా వారి వేలు పడేది ఆ బటన్ మీదే. డిఫాల్ట్ పద్ధతిలో హెడ్‌సెట్ బటన్ నొక్కితే కాల్ ఎత్తినట్టు, హెడ్‌సెట్‌లో మాట్లాడుతుండగా మళ్లీ నొక్కితే కాల్ పెట్టేసినట్టు. రెండోది హెడ్‌సెట్, స్పీకరుల మధ్య మారే టాగుల్ పద్ధతి. అందులో ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి నొక్కితే ఫోను హెడ్‌సెట్ మోడ్‌లో ఉండిపోతుంది, ఆ తరువాత లైన్ బటన్ నొక్కినా, స్పీకరు బటన్ నొక్కినా మాట హెడ్‌సెట్‌లోకే వస్తుంది. అయితే కాల్ మధ్యలో హెడ్‌సెట్ బటన్ నొక్కితే మాట స్పీకరుకు మారుతుంది. ఆసుపత్రి కౌంటర్లో రోగి తన జబ్బు చెప్పుకుంటూ ఉండగా ఆ గొంతు గదంతా వినబడటం ఎంత ఇబ్బందో నేను చెప్పనక్కరలేదు. మరోవైపు డిఫాల్ట్ పద్ధతిలో పొరపాటున రెండోసారి నొక్కితే కాల్ తెగిపోతుంది. నా మట్టుకు నేను మీవంటి చోట డిఫాల్ట్‌నే ఎంచుకుంటాను. తెగిన కాల్‌ను తిరిగి కలుపుకోవచ్చు.

ఆల్వేస్ రింగ్ స్పీకర్ అన్నదానిని ఎస్ చేయండి. హెడ్‌సెట్‌ను తీసి బల్ల మీద పెట్టి మంచినీళ్లకు వెళ్లిన మనిషికి కూడా రింగు వినబడాలి కదా. గెయిన్ సెట్టింగులను ఇప్పుడే తాకకండి. హెడ్‌సెట్ టీఎక్స్ గెయిన్ మన మాట అవతలికి ఎంత గట్టిగా వెళ్లాలో, ఆర్ఎక్స్ గెయిన్ అవతలి మాట మనకు ఎంత గట్టిగా రావాలో నిర్ణయిస్తాయి. ఆరు డెసిబెల్స్ అంటే సంకేతం రెట్టింపు అవుతుంది. మైకు సరిగా పనిచేయనప్పుడు టీఎక్స్‌ను పెంచడం చాలామంది చేసే పొరపాటు. దానివల్ల మాట కంటే పక్క బల్ల మీది మాటలు, పైన తిరిగే ఫ్యాను రొదే పెరుగుతాయి. ఆర్ఎక్స్‌ను మరీ పెంచితే చెవి దగ్గరి శబ్దం మైకులోకి చేరి, అవతలివారికి తమ మాటే తిరిగి వినబడుతుంది. ప్రతిధ్వని వస్తోందని రోగి ఫిర్యాదు చేస్తే చూడవలసింది మన వైపే, ఈ మాట చాలామందికి తెలియక లైను బాగాలేదని సర్వీసు ప్రొవైడరుకు ఫోను చేస్తూ ఉంటారు.

మైకు కొసను పెదవుల కొనకు రెండు వేళ్ల ఎడంగా, నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు ఉంచితే ఊపిరి చప్పుడు అందులోకి పోదు. చాలా హెడ్‌సెట్లలో శబ్దాన్ని తగ్గించే మైకుకు ముందూ వెనుకా ఉంటాయి. మాట తీసుకునే వైపు నోటికి తిరిగి ఉండాలి, బూమ్‌ను, అంటే మైకు ఉన్న కాడను, మెలితిప్పి పెట్టుకుంటే అది మీ గొంతునే రొద అనుకుని తగ్గిస్తుంది. వాల్యూము విషయంలో కూడా ఒక హద్దు గుర్తుంచుకోవాలి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఎనిమిది గంటల పనికి 85 డెసిబెల్స్‌ను పరిమితిగా సూచిస్తుంది, ఆ పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ వినదగిన సమయం సగమవుతుంది. రోజంతా హెడ్‌సెట్ పెట్టుకునేవారు గది రొదను మించి వినాలని వాల్యూము పెంచుకుంటూ పోతారు. ఒక చెవికి మాత్రమే ఉండే హెడ్‌సెట్ కంటే రెండు చెవులకూ ఉండేది రద్దీ గదుల్లో మంచిదని నేననేది ఇందుకే.

ఇది చదివే మరెవరికైనా వేరే ఫోన్లు ఉండవచ్చు. యెలింక్ వారి వెబ్ పేజీలో ఫీచర్స్, జనరల్ ఇన్ఫర్మేషన్ కింద హెడ్‌సెట్ ప్రయర్ అనే ఎంపిక, పాలీకామ్ వీవీఎక్స్ ఫోన్ల ప్రిఫరెన్సెస్‌లో హెడ్‌సెట్ మెమరీ మోడ్ అనే ఎంపిక ఉంటాయి. రెండూ చేసేది దాదాపు ఒకటే, ప్రతి కాల్‌కూ బటన్ నొక్కే పని లేకుండా ఫోనును హెడ్‌సెట్‌కే అలవాటు చేస్తాయి. సిస్కో 7811 తీసుకున్నవారు మాత్రం ఏ సెట్టింగూ వెతకకండి, ఆ మోడల్‌కు హెడ్‌సెట్ సాకెటే లేదు.


జవాబు: డాలస్_తెలుగు_నెట్‌వర్క్

వైర్‌లెస్ హెడ్‌సెట్ గురించి అడిగారు కనుక రాస్తున్నాను. నేనిక్కడ టెక్సస్‌లో ఒక కార్యాలయ నెట్‌వర్క్ చూస్తాను. ఇండియా వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఇలాంటి పరికరం తెమ్మని అడుగుతూనే ఉంటారు, నేను వద్దనే చెబుతాను.

డెక్ట్ అనేది బ్లూటూత్ కాదు, వేరే రేడియో పద్ధతి. ఐరోపాలో అది 1880 నుంచి 1900 మెగాహెర్ట్జ్ మధ్య, అమెరికాలో 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది. డెక్ట్ 6.0 అన్న పేరు చూసి ఆరు గిగాహెర్ట్జ్ అనుకునేవారు ఉన్నారు, అది అమెరికాలో అమ్మకం కోసం పెట్టిన పేరు మాత్రమే. ఇండియాలో 1920 నుంచి 1980 దాకా ఉన్న భాగం 2100 బ్యాండ్‌లో మొబైల్ ఫోన్లు టవరుతో మాట్లాడే దారి. అంటే అమెరికా డెక్ట్ హెడ్‌సెట్‌ను అక్కడ ఆన్ చేస్తే అది మొబైల్ కంపెనీలు వేలంలో కొనుక్కున్న తరంగాల్లో మాట్లాడుతుంది. అది చట్టానికి విరుద్ధం కూడా. ఇండియాలో వైర్‌లెస్ పరికరాలకు టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉండాలి. దాన్ని తిరిగి పంపేయమనే నా సలహా.

అయితే మీకొక శుభవార్త ఉంది. జీఎక్స్‌పీ2170లో బ్లూటూత్ ఉంది. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు ఇండియాలోనూ లైసెన్సు అక్కరలేనివే. కాబట్టి రిసెప్షన్‌కు ఈ మోడల్ ఫోనే పెట్టి, అక్కడే కొన్న మంచి బ్లూటూత్ హెడ్‌సెట్‌ను మెనూ నుంచి జత చేసుకోండి. గోడలు అడ్డం ఉంటే దూరం బాగా తగ్గిపోతుందని, రోజంతా మాట్లాడేవారికి ఛార్జింగు ఒక బెడద అని తెలిసి కొనండి. కూర్చున్న చోటి నుంచి లేవని ఎనిమిది మందికి మాత్రం వైరే మేలు.


జవాబు: వరంగల్_ఈపీఏబీఎక్స్

పానసోనిక్ సంగతి మేమెవ్వరమూ చెప్పలేదు. డీటీ543కు పక్కనున్న గుండ్రటి రంధ్రం 2.5 మిల్లీమీటర్లది. మొబైల్ పిన్ను 3.5 మిల్లీమీటర్లు, పైగా దాని మీద విడివిడిగా నాలుగు లోహపు భాగాలు ఉంటాయి. ఆ నాలుగింటిలోనూ మైకు ఎక్కడ, గ్రౌండ్ ఎక్కడ అన్నదానికి సీటీఐఏ, ఓఎంటీపీ అని ఒకదానికొకటి విరుద్ధమైన రెండు వరుసలున్నాయి. కాబట్టి బజారులో దొరికే 3.5 నుంచి 2.5కు మార్చే ముక్క తగిలిస్తే పిన్ను దూరుతుంది కానీ మైకు పలుకుతుందని హామీ లేదు. టెలిఫోను కోసమే చేసిన 2.5 మిల్లీమీటర్ల హెడ్‌సెట్, లేదా 2.5 పిన్ను ఉన్న క్యూడి కింది వైరు తీసుకోండి. తరువాత ఆ ఫోను సొంత సెట్టింగుల్లో హెడ్‌సెట్ ఎంపిక పెడితే, ఎస్పీ-ఫోన్ బటన్ నొక్కినప్పుడు మాట స్పీకరులోకి కాక హెడ్‌సెట్‌లోకి వెళ్తుంది.

క్యూడి అన్నాను కాబట్టి ఆసుపత్రివారిగా మీకు అది నచ్చుతుందని చెప్పాలి. క్విక్ డిస్కనెక్ట్ అంటే వైరు మధ్యలో విడిపోయే కలుపు. ఫోనుకు తగిలించిన కింది సగం బల్ల దగ్గరే ఉంటుంది, తలకు పెట్టుకునే పై సగాన్ని షిఫ్టు అయిపోగానే ఎవరిది వారు సంచీలో వేసుకుని వెళ్లవచ్చు. ఒకరి చెమట, ఒకరి ఊపిరి మరొకరికి అంటదు. కాల్ మధ్యలో ఫైలు కోసం లేవాలన్నా కలుపు విప్పి లేస్తే కాల్ తెగదు. ఒక్క సంగతి మరవకండి, జాబ్రా వారి కలుపు, ప్లాంట్రానిక్స్ వారి కలుపు చూడటానికి అన్నదమ్ముల్లా ఉన్నా ఒకదానిలో ఒకటి కూర్చోవు. పై సగం ఏ కంపెనీదో కింది సగమూ ఆ కంపెనీదే, లేదా దానికి సరిపోయేదని రాసి ఉన్నదే తీసుకోవాలి.


జవాబు: గుంటూరు_ఫ్రంటాఫీసు

అందరికీ నమస్కారం, ఆలస్యానికి మన్నించండి. మా ఐటీ అబ్బాయి శనివారం వచ్చాడు, మీరు చెప్పినవన్నీ వరుసగా చేయించాను.

మ్యూట్ స్విచ్ సరిగానే ఉంది. రిసీవరు సాకెట్లో పెట్టినా మాట వెళ్లలేదు. మీటరులో లోపలి జత పుల్లలు మార్చినా ఒకే అంకె చూపించింది, బయటి జత వేరు వేరు అంకెలు చూపించింది. ఫోను వైపు ప్లస్ ఎటు ఉందో చూసి, నాలుకలు రెండూ ఒకే వైపున్న జానెడు చదును వైరును కప్లరుతో కలిపి మొదటి ఫోనుకు పెట్టాడు. పక్క గదిలో ఉన్న నాకు ఫోను చేసి "మేడమ్, వినబడుతోందా?" అన్నాడు. ఆ మాట రిసీవరులో కంటే స్పష్టంగా వినబడింది. ఆ ఆనందంలో మిగిలిన ఐదింటికి కూడా సామాను తెప్పించాను. కప్లర్లు మొదటి కొట్లో అయిపోతే ఒకటి మరో కొట్లో కొన్నాం. ఐదు ఫోన్లు ఇప్పుడు చక్కగా పనిచేస్తున్నాయి. ఆరో ఫోను మీద మాత్రం పాత కథే, అవతలి మాట వస్తోంది, మన మాట వెళ్లడం లేదు. ఫోను మార్చి చూశాం, హెడ్‌సెట్ మార్చి చూశాం.

ఇంకొక విచిత్రం. మూడో బల్ల దగ్గర హెడ్‌సెట్‌లో ఉండి ఉండి "టిర్ర్ టిర్ర్" మని ఒక చప్పుడు వస్తుంది, కొన్ని క్షణాల్లో ఆగిపోతుంది. ఆ అమ్మాయి దానికి ఎంత అలవాటు పడిందంటే, ఆ చప్పుడు రాగానే తన ఇంటి నుంచి ఫోను వస్తుందని ముందే చెప్పేస్తోంది. సెట్టింగులు మేడ్చల్ వారు చెప్పినట్టే పెట్టాం, డిఫాల్ట్ పద్ధతే ఉంచాం. అమెరికా హెడ్‌సెట్‌ను తిరిగి ఇచ్చేస్తున్నట్టు డైరెక్టరు గారికి చెప్పాను, కారణం విన్నాక ఆయన కూడా సరేనన్నారు.


జవాబు: మేడ్చల్_వాయిస్

మూడో బల్ల అమ్మాయి చెప్పేది జ్యోతిషం కాదండీ, భౌతికశాస్త్రమే. 2జీ మొబైల్ ఫోను టవరుతో మాట్లాడేటప్పుడు సంకేతాన్ని ఆపి ఆపి, సెకనుకు సుమారు 217 సార్లు పంపిస్తుంది. పక్కనున్న మైకు వైరు ఏరియల్‌లా పనిచేసి ఆ తునకలను పట్టుకుంటుంది, మైకు ట్రాన్సిస్టరు వాటిని చెవికి వినబడే గుర్రుమనే శబ్దంగా మార్చేస్తుంది. కాల్ వచ్చే ముందు టవరుతో ఫోను మాట కలుపుతుంది కాబట్టి రింగు కంటే చప్పుడే ముందు వస్తుంది. ఆమె మొబైలు 2జీ సిగ్నల్ మీద ఉండి, హెడ్‌సెట్ వైరు పక్కనే పెట్టి ఉంటుంది. ఒక అడుగో రెండు అడుగులో దూరంగా, వీలైతే సొరుగులో పెట్టమనండి. ఇప్పుడు అదనంగా పెట్టిన జానెడు చదును వైరుకు తొడుగు లేదు కాబట్టి దానికి ఈ అలవాటు మరికాస్త ఎక్కువ.


జవాబు: వరంగల్_ఈపీఏబీఎక్స్

అమ్మా, ఆ ఆరో దానికి వాడింది రెండో కొట్లో కొన్న కప్లరేనా? నేను ముందే చెప్పవలసిన మాట మరచిపోయాను, అది నా పొరపాటు. కప్లర్లలో కూడా రెండు రకాలుంటాయి. కొన్ని ఒకటో పిన్నును అవతలి ఒకటో పిన్నుకు నేరుగా కలుపుతాయి, కొన్ని లోపలే ఒకటిని నాలుగుకు తిప్పి కలుపుతాయి. మీ మొదటి ఐదు కప్లర్లూ ఒక రకం, ఈ ఒక్కటీ మరో రకం అయి ఉంటుంది. వైరులో ఒకసారి తిరిగి, కప్లరులో మరోసారి తిరిగితే వరుస మళ్లీ మొదటికే వస్తుంది. మీటరును బీప్ మోడ్‌లో పెట్టి, వైరునూ కప్లరునూ కలిపి ఉంచే ఈ కొస మొదటి పిన్ను ఆ కొసన ఎక్కడ తేలుతుందో చూడమనండి. నాలుగులో తేలాలి. ఒకటిలోనే తేలితే కొత్త కప్లరు కొననక్కరలేదు, నాలుకలు ఎదురు వైపులున్న చదును వైరు పెడితే సరిపోతుంది.


జవాబు: గుంటూరు_ఫ్రంటాఫీసు

మీరన్నట్టే ఒకటో పిన్ను ఒకటిలోనే తేలింది. నేరు వైరు పెట్టించాను, ఆరో ఫోను కూడా పలికింది. ఆ కప్లరు మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో అడ్డంగా గీత గీయించి, "దీనితో నేరు వైరే వాడాలి" అని చిన్న కాగితం అంటించి ఉంచాం. మూడో బల్ల మొబైలు సొరుగులోకి వెళ్లింది. పానసోనిక్ ఫోన్లకు క్యూడి ఉన్న రెండు హెడ్‌సెట్లకు ఆర్డరు పెట్టే ముందు, 2.5 పిన్ను ఉన్న కింది వైరు ఒక్కటి మాత్రం తెప్పిస్తున్నాను.